కళాయి కొలిమికి ఆరడుగుల జాగ ఇయ్యండి

గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. ఇత్తడి గంజుల లోపల తగరం పూత పెట్టుడే కళాయి. పాత బజార్లల్ల "కళాయ్" అన్న కేక ఇప్పుడు వినవడుతలేదు. ఇత్తడి గంజులు మాత్రం ఇండ్లల్ల ఇంకా ఉన్నయి. కళాయి పోయిన గంజుల పచ్చిపులుసు పెడితే చింతపండు పులుపుకు చిలుము దిగుతది, కడుపుల తిప్పుతది.

ముందు గంజును చింతపండు, ఇసుకతోని తోమాలె. జిడ్డు మరక మిగిలితే అక్కడ తగరం అంటదు. తిత్తి ఊది, బొగ్గుల మీద కాల్చి, నవసాగరం (తగరం మంచిగ అంటేటందుకు వాడే ఉప్పు) చల్లి, తగరం రాసి, వెంటనే దూదితోని తిప్పాలె. దూది ఎనుకనే అద్దం లెక్క తెల్లటి మెరుపు పాకుతది. తగరం 232 డిగ్రీలకే కరుగుతది. మంట మించితే మెరుపు పోయి నల్లబడుతది. అగ్గువకని సీసం కలిపితే మాత్రం అది విషమే.

అందుకే కళాయి కొలిమికి మార్కెట్ల ఆరడుగుల జాగ, మీద పొగగొట్టం, వాడే తగరానికి పరీక్ష ఏర్పాటు చెయ్యండి.

ఇట్లు,
ఇత్తడి పాత్రల పనివాళ్లు, వరంగల్