పన్నెండు రోజులైంది చిన్నీ

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి దగ్గు తగ్గింది. బ్రాడీపేటలో మన వీధి మళ్ళీ తవ్వారు, ఎంత ఊడ్చినా మెట్ల మీద దుమ్మే. నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. ఆ ఊళ్ళో సిగ్నల్ సరిగా ఉండదని తెలుసు, కానీ నా మెసేజ్‌కి రెండు టిక్కులు పడ్డాయి.

ఆదివారం తెనాలి పిన్ని వచ్చింది. పెళ్ళిలో ఎవరో అన్నారట, తవ్వకాల్లో దొరికిన పాతకాలపు పశువుల ఎముకలు ఏ కాలానివో తేల్చమని నువ్వు ల్యాబ్‌కి పంపితే, ఒక్కదానికీ రిజల్ట్ రాలేదని, పీహెచ్‌డీ మానేస్తానంటున్నావని. నేను నమ్మలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, ఆ సంగతి వదిలెయ్. నీ గది దులుపుతూ నీ నోట్సు చదివాను. బూడిద దిబ్బలంటే పశువుల పేడ పోగుపడి, కాలి మిగిలినవని, 1957లో పాలమూరు వైపు ఉట్నూరులో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వినప్పుడు పశువుల గిట్టల గుర్తులు అలాగే కనబడ్డాయని రాసుకున్నావు. నాలుగు వేల ఏళ్ళ కిందటి దొడ్డిలో గిట్టల గుర్తులు! చదువుతుంటే మన ఊరి దొడ్డి వాసన వచ్చినట్టే అనిపించింది.

తాతయ్య నన్నోసారి ఎడ్ల సంతకి తీసుకెళ్ళాడు, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెల్లటి ఒంగోలు గిత్త, కొమ్ములకి నూనె రాసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టారు. నాలుగు పళ్ళే వేసింది, మూడేళ్ళు దాటలేదు అన్నాడు అమ్మేవాడు. తాతయ్య ముక్కుతాడు పట్టుకుని, కింది పెదవి లాగి, వేలు పెట్టి తడిమి, ఎనిమిది పళ్ళూ వేసింది, ముందువి అరిగాయి కూడా, ఏడేళ్ళ పైమాటే అన్నాడు. వాడు కేకలేశాడు, నలుగురిని పిలిచాడు, నేను భయపడి తాతయ్య పంచె పట్టుకుని నిలబడ్డాను. తాతయ్య గొంతు పెంచలేదు. మీరే చూడండి అని పక్కకి జరిగాడు, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ చూసి తల ఊపారు. ఆ రోజు ఎద్దు లేకుండానే ఇంటికొచ్చాం. ఆ యేడు దుక్కి ఆలస్యమైంది, నాయనమ్మ సణిగింది. పై నెల మళ్ళీ సంతకి వెళ్ళి మంచి జత తోలుకొచ్చాడు. సంక్రాంతికి నువ్వు దవడ ఎముక ఫోటో చూపించి, దంతాల అరుగుదల బట్టి వయసు చెబుతుంటే నాకు ఆయన వేలే గుర్తొచ్చింది.

ఎముక కాలం తేల్చాలంటే అందులో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉండాలని, మన ఎండలకి అది మిగలడమే కష్టమని నువ్వే చెప్పావు. మరి ల్యాబ్‌లో రాలేదంటే నీ చేతి తప్పు ఎలా అవుతుంది? పంటి పైపొర, ఎనామెల్, గట్టిది, అది నిలుస్తుంది, నేల నుంచి మేతతో అందులో చేరే స్ట్రాన్షియం అనే మూలకాన్ని కొలిస్తే దూడప్పుడు ఏ నేల మీద మేసిందో తెలుస్తుందన్నావు. బొగ్గు ముక్కో, కాలిన గింజో దొరికితే కాలం వాటి నుంచి కూడా తీయొచ్చన్నావు. అవన్నీ చేసి చూశావా? మీ సార్‌తో కూర్చుని మాట్లాడావా? నీకు చిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు, ఒక లెక్క తప్పితే నోట్‌బుక్ మూసేసి దుప్పటి కప్పుకుంటావు. పాఠం చెప్పకూడదనే మొదలుపెట్టాను, క్షమించు.

పొద్దున్నే బూట్లు దులిపి వేసుకో, తేళ్ళుంటాయి. గోతిలో దిగేటప్పుడు తలకి గుడ్డ కట్టుకో. మధ్యాహ్నం అన్నం మానేసి జల్లెడ దగ్గర కూర్చోకు. గోంగూర పచ్చడి, కారప్పొడి బస్సు పార్సిల్లో వేశాం. పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టాను, అయినా నీ శాంపిల్ సంచుల దగ్గర పెట్టకు, బయటి జిడ్డు తగిలితే కాలం లెక్క తప్పుతుందన్నావుగా.

మానేయాలనే ఉంటే మానేయ్, నాన్న ఏమీ అనరు, నేను చూసుకుంటాను. కానీ అది పిన్ని నోట వినలేను చిన్నీ, నువ్వే చెప్పు. రాత్రి పదకొండు దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

అమ్మ