వణుకుడు జబ్బు చీటీ మీద రెండు వాక్యాలు రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) మందుల చీటీ మీద రెండు వాక్యాల హెచ్చరిక రాయించమని ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు వచ్చింది. "సంబంధిత శాఖకు పంపబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకు "పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పినవాళ్లు లేరు. మళ్లీ పెట్టాం, మళ్లీ అదే వరస. మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితానికి జవాబే లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బాపు ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరైన మనిషి. డిపోలో లెక్క తేలనిదే ఇంటికి వచ్చేవాడు కాదు. చీట్లపేక ముట్టినవాడు కాదు. పార్కిన్సన్స్ వచ్చాక కుడిచెయ్యి వణకడం, అడుగు తియ్యబోతే కాలు నేలకు అతుక్కుపోవడం మొదలైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. గోళీలు పనిచేశాయి. చొక్కా గుండీలు మళ్లీ తనే పెట్టుకున్నాడు, అమ్మ సంతోషానికి అంతులేదు. వణుకు పెరిగినప్పుడల్లా డోసు పెంచారు.

తర్వాత బాపు మారిపోయాడు. ముందు ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీ, పాత రేడియో విప్పడం మొదలుపెట్టాడు. తెల్లవార్లూ విప్పేవాడు, మరలు వరసగా పేర్చేవాడు, చెదరగొట్టి మళ్లీ పేర్చేవాడు. పొద్దుపోక చేస్తున్నాడనుకున్నారంతా. ఆ తర్వాత పేకాట. మొదట ఊరి బయట మామిడితోటలో, తర్వాత ఫోన్‌లో. రిటైర్మెంటుకు వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ కరిగిపోయాయి. అమ్మ పుస్తెలతాడు తాకట్టుకు పోయింది. ఎకరం భూమి ఎవరికీ చెప్పకుండా అగ్రిమెంటు రాసిచ్చాడు. పోలీసులు శిబిరం మీద పడ్డప్పుడు జిల్లా పేపర్లో పేకాటరాయుళ్ల పేర్ల మధ్య మా బాపు పేరు వచ్చింది. "పేక ముక్క పట్టుకోవడం తెల్వని మనిషికి గీ బుద్ధి ఎక్కడికెళ్లి వచ్చె బిడ్డా" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. పెద్దమనుషులు కూర్చోబెట్టి బుద్ధి చెప్పారు. తలకాయ ఊపాడు, ఏడ్చాడు, ఇక ఆడనని అమ్మ తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మర్నాడు మళ్లీ ఆడాడు.

మంత్రిగారూ, ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో మాకు చెప్పింది ఇంకో ఊరి డాక్టరమ్మ. చెయ్యి వణుకు చూశాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఈ గోళీ మొదలుపెట్టినాక పేకాట గానీ, కొనడం గానీ, తిండి గానీ, ఇంకేదైనా కోరిక గానీ అదుపు తప్పిందా?" అన్ని ఆసుపత్రులు తిరిగాం, ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆమె ఒక గోళీని మెల్లమెల్లగా తగ్గించి వేరే మందు సర్దారు. కొన్ని నెలల్లో ఆ యావ తగ్గిపోయింది. పోయిన ఎకరం తిరిగి రాలేదు. పోయిన మర్యాద అంతకన్నా రాదు.

ఇది వింత కేసు అనుకుంటారేమో. మీ శాఖలో ఏ న్యూరాలజీ ప్రొఫెసర్‌ను పిలిచి అడిగినా ఇది పాత సంగతేనని చెబుతారు. పార్కిన్సన్స్‌లో మెదడు లోపలి నల్లటి ముద్దలో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. ఆ డోపమైన్ చెయ్యి కదిలించడానికే అనుకుంటే పొరపాటు. ఏది చేస్తే లాభం, ఏది చేస్తే దెబ్బ అని మెదడు నేర్చుకునేది కూడా దానితోనే. 1990లలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మెదడులో ఈ కణాలను గమనించాడు. అనుకోకుండా పండ్ల రసం దొరికితే కణాలు జోరుగా పలికాయి, వస్తుందనుకున్న రసం రాకపోతే ఆ క్షణంలో చప్పబడ్డాయి. ఆ చప్పబడటమే మెదడుకు గుణపాఠం. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు డోపమైన్ పనిని తామే చేస్తూ గంటల తరబడి అక్కడే తిష్ఠ వేస్తాయి. అప్పుడు ఓడినా మెదడుకు ఆ చప్పబడటం సరిగా అందదు. 2004లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు పార్కిన్సన్స్ రోగులకు బొమ్మల జతలు చూపించి, ఏది ఎంచుకుంటే మంచిదో అనుభవం మీద తెలుసుకోమన్నారు. మందు వేసుకోని వేళ రోగులు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు. మందు మీద ఉన్నప్పుడు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటములు అంతగా ఎక్కలేదు. ఇది 'సైన్స్' పత్రికలో అచ్చయింది. మా బాపు ఒట్టేసింది మనస్ఫూర్తిగానే. ఆ ఒట్టును నిలబెట్టాల్సిన చోట మందు కూర్చుని ఉంది.

మరి చెయ్యికి మేలుచేసిన మందు మనసుకు ఎందుకు చేటు చేస్తుంది? ఈ జబ్బు మెదడులో అన్ని చోట్లా ఒకేసారి డోపమైన్‌ను తినెయ్యదు. కదలికను చూసుకునే భాగం ముందు ఎండిపోతుంది, కోరికలను చూసుకునే భాగం చాలాకాలం వరకు బాగానే ఉంటుంది. కాలువ చివరి మడి ఎండుతోందని తూము మొత్తం ఎత్తేస్తే తలాపున తడిగా ఉన్న మడి మునిగిపోతుంది కదా, అదే జరుగుతుంది.

అందరికీ ఇలా కాదు, ఆ సంగతీ చెప్పాలి. 2010లో అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగుల మీద జరిగిన అధ్యయనంలో, ఈ రకం మాత్రలు వాడేవాళ్లలో 17.1 శాతం మందికి జూదం, విచ్చలవిడి కొనుగోళ్లు, అతి తిండి, అతి కామం వీటిలో ఏదో ఒకటి కనిపించింది. వాడనివాళ్లలో 6.9 శాతం. నూటికి పదిహేడు మంది అంటే చిన్న మాటా? అక్కడ ఈ మాత్రల కాగితాల మీద ఈ హెచ్చరిక ఉంటుంది. ఫ్రాన్స్‌లోనైతే ఇలాంటి మాత్ర వల్ల జూదంలో మునిగిన ఒక రోగికి పరిహారం చెల్లించమని 2012లో రెన్న్ అప్పీలు కోర్టు మందు కంపెనీని ఆదేశించింది. మనకు మెడికల్ షాపులో కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి పది గోళీలు కవర్లో వేసి ఇస్తారు. కాగితం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. ఒకవేళ ఇచ్చినా చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలు. మా అమ్మ ఏం చదవాలి?

పేకాటంటే కనీసం ఊరికి తెలుస్తుంది. కామం సంగతి బయటికే రాదు. డెబ్బై ఏళ్ల భర్త ప్రవర్తన ఇలా అయిందని ఏ ఇల్లాలు నోరు తెరిచి చెబుతుంది? కోడళ్ల ముందు ఎలా చెబుతుంది? కొడుకులు తండ్రిని కొట్టిన ఇళ్లు, ముసలివాణ్ణి గదిలో పెట్టి గొళ్లెం పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. అది మందు పని అని వాళ్లకు ఒక్కరు చెప్పి ఉంటే ఆ గొళ్లెం పడేది కాదు. ఆ ఆడవాళ్ల తరఫున కూడా రాస్తున్నాను, వాళ్లు రాయలేరు కాబట్టి.

మీ దగ్గర ఏర్పాట్లు లేక కాదు. ఆశా కార్యకర్త మా వాడకట్టుకు వచ్చి బీపీ చూస్తుంది, షుగర్ గోళీలు ఇచ్చిపోతుంది. మా ఇంటికీ వస్తుంది, పాపం మంచి పిల్ల. బాపు గురించి రాసుకోవడానికి ఆమె పుస్తకంలో గడి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు స్పష్టంగా ఉంది. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు పోతే చెయ్యి చాపమన్నారు, నడవమన్నారు. పొద్దున గోళీ వేసుకుని బస్సెక్కి వచ్చిన మనిషి ఆ కాసేపు నడిచాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నారు. గోళీ బలం దిగాక చూడండి సార్ అంటే టైం లేదన్నారు. ఇల్లు గుల్ల కావడాన్ని కొలిచే కాలమ్ అక్కడ లేదు.

ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, సంతోషం. మనిషిని అటువైపు నెట్టే గోళీ గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట మాట్లాడరు.

అయ్యా, గోళీ ఆపెయ్యమని నేను అడగడం లేదు. అది లేకపోతే మా బాపు మంచం దిగలేడు. సంగతి తెలిసిన భయంతో గోళీలు దాచేసిన కుటుంబాలు కూడా ఉన్నాయి, అది ఇంకా ప్రమాదం. ఉన్నట్టుండి ఆపితే మనిషి బిగుసుకుపోతాడు, దిగులు, ఆందోళన కమ్ముకుంటాయి. అందుకే ఈ మాట ఊళ్లోవాళ్ల ద్వారానో ఫోన్ వీడియోల ద్వారానో కాకుండా మీ ఆసుపత్రి చీటీ ద్వారా ఇంటికి రావాలి. "ఈ గోళీ వాడేటప్పుడు పేకాట, కొనుగోళ్లు, తిండి, కామం మీద అదుపు తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పండి. గోళీ మీరే మానెయ్యకండి." ఇంతే. రెండు వాక్యాలు. తెలుగులో, ఉర్దూలో, కళ్లజోడు లేకపోయినా కనబడే అక్షరాల్లో. మందు రాసిన ప్రతిసారీ డాక్టరు ఆ ప్రశ్న రోగిని ఒకసారి, ఇంటివాళ్లను పక్కకు పిలిచి ఒకసారి అడగాలి. రోగికి తనలో మార్పు తెలియదు, తెలిసినా సిగ్గుతో దాస్తాడు. మీ ఔషధ నియంత్రణ అధికారులు మెడికల్ షాపులకు ఒక సర్క్యులర్ ఇస్తే ఆ చీటీ కవర్లో పడుతుంది. ఆశా పుస్తకంలో ఒక గడి పెట్టించండి. సదరంలో గోళీ దిగిన వేళ కూడా చూడమనండి. ఇంకా ఏం చెయ్యవచ్చో మీకే బాగా తెలుసు, చేతిలో అధికారం ఉన్నవారు మీరు.

పైసా ఖర్చు లేని పని అడుగుతున్నాం. దానికోసం ఇన్ని కాగితాలు ఎందుకు పెట్టాల్సి వస్తోందో అర్థం కాక కడుపు రగులుతోంది. దయచేసి ఈ లేఖను కూడా సంబంధిత శాఖకు పంపించకండి. సంబంధిత శాఖ మీదే. ఆ రెండు వాక్యాలు చీటీల మీద ఏ నెల నుంచి వస్తాయో చెబుతూ మీ సంతకంతో జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక పార్కిన్సన్స్ రోగి కూతురు,
ఉమ్మడి వరంగల్ జిల్లా