చేప వద్దు, చేప నూనె ముద్దా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో చేపల మీద వచ్చిన వ్యాసం చదివిన రోజే ఈ ఉత్తరం రాయవలసింది. దాళ్వా కోతల హడావిడిలో ఆలస్యమైంది. చేపల్లో పాదరసం, ఫార్మలిన్ (చేప కుళ్ళకుండా కలిపే రసాయనం), యాంటీబయాటిక్ అవశేషాలు ఉంటున్నాయి కనుక చేపలు మానేసి రోజుకొక చేప నూనె క్యాప్సూల్ వేసుకోవడమే క్షేమమని వ్యాసకర్త తేల్చేశారు. అదే పేజీ అడుగున ఒమేగా-3 క్యాప్సూళ్ళ ప్రకటన ఉండడం కేవలం కాకతాళీయమని నమ్మడానికి నా శక్తికొద్దీ ప్రయత్నిస్తున్నాను.

ముందు ఆ సీసా సంగతి చూద్దాం. ముందువైపు పెద్ద అక్షరాలతో 1000 మిల్లీగ్రాములని ఉంటుంది. వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుని చదివితే, మామూలు రకం క్యాప్సూల్‌లో ఒమేగా-3 కొవ్వులైన ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120, అంటే మనకు కావలసిన సరుకు మొత్తం 300 మిల్లీగ్రాములే అని తెలుస్తుంది. మిగిలినదంతా మామూలు కొవ్వు. కవళ్ళు (సార్డీన్), కానాగంతలు (మాకెరెల్) వంటి సముద్రపు చేపలు వంద గ్రాముల్లో దాదాపు ఒక గ్రాము వరకూ అదే సరుకు ఉంటుంది. దానితోపాటు మాంసకృత్తులు, విటమిన్ డి, సెలీనియం, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలైతే కాల్షియం కూడా ఉంటాయి. పుస్తెలమ్మి పులస తినమని నేనెవరికీ చెప్పడం లేదు. నరసాపురం, అంతర్వేది ప్రాంతాల్లో బుట్టలతో అమ్మే చవక చేపల గురించే చెబుతున్నాను. చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతిలో ఈ ఒమేగా-3 సముద్రపు చేపలంత ఉండదన్న మాట నిజమే. ఆ ఒక్క ముక్క వ్యాసకర్త రాసి ఉంటే సంతోషించేవాడిని.

ఇక గుండెకు మేలు చేస్తుందన్న మాట. అమెరికాలో 25,871 మంది మీద ఐదేళ్ళకు పైగా జరిపిన ‘వైటల్’ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకొక గ్రాము చేప నూనె మాత్ర వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కొంత మేలు కనిపించింది ముఖ్యంగా వారానికి ఒకటిన్నర పూటల కన్నా తక్కువ చేప తినేవారిలో. అంటే గోదావరి జిల్లాల్లో పుట్టి చేపల పులుసుతో పెరిగినవాడికి ఆ మాత్ర అవసరం ఇంకా తక్కువ. మధుమేహ రోగులు 15,480 మంది మీద బ్రిటన్‌లో జరిగిన ‘అసెండ్’ పరీక్షలో కూడా ఇదే తీరు. రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఇ.పి.ఎ. ఇచ్చిన ‘రెడ్యూస్-ఇట్’ పరీక్షలో మేలు కనిపించిన మాట వాస్తవమే కాని, అది రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉన్న గుండె, మధుమేహ రోగులకు వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చిన మందు. పైగా అందులోనూ, ఆ తరహాదే అయిన 2020 నాటి ‘స్ట్రెంత్’ పరీక్షలోనూ గుండె లయ తప్పే జబ్బు మందు వాడినవారిలో ఎక్కువగా కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ క్యాప్సూళ్ళను పెద్ద మోతాదులో మింగరాదని గాని, కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ ఎక్కువ కనుక గర్భిణులు దాని జోలికి పోరాదని గాని ఆ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

చేప నూనె వెలుతురుకూ వేడికీ చెడిపోతుంది. మా ఊరి మందుల దుకాణంలో ఆ సీసాలను ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో వరసగా పేర్చి ఉంచారు. అక్కడ కొన్న క్యాప్సూల్ ఒకటి బ్లేడుతో కోసి చూస్తే, పదిసార్లు బజ్జీలు వేసిన మూకుడు వాసన వచ్చింది. దుకాణదారును అడిగితే, ‘గడువు తేదీ ఇంకా ఉందండీ’ అన్నాడు. ఇవి చట్టం దృష్టిలో మందులు కావు, ఆహార పదార్థాలు. ‘ఔషధంగా వాడరాదు’ అని సీసా మీదే రాసి ఉండాలని నిబంధన. ఆ మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో చదువరులు స్వయంగా చూసుకోవచ్చు.

న్యాయంగా చెప్పాలంటే పాదరసం విషయంలో వ్యాసకర్త భయం పూర్తిగా నిరాధారం కాదు. అది చేప కండలో పేరుకుంటుంది గాని నూనెలో కాదు కనుక, శుద్ధి చేసిన నూనెలో దాదాపు ఉండదు. అయితే అది పేరుకునేది సొర, వంజరం వంటి, ఇతర చేపలను తిని బతికే పెద్ద చేపల్లో. నెత్తళ్ళు, కవళ్ళలో బహు స్వల్పం. బాలింతలకు పాలు పడతాయని మన ఇళ్ళలో సొర పిట్టు పెడతారు. అది రోజూ వద్దు, చిన్న చేపలు పెట్టండి అని రాస్తే పదిమందికీ ఉపయోగపడేది. అన్ని చేపలనూ ఒకే గాటన కట్టి మానేయమనడం ఏమి వైద్యం?

ఫార్మలిన్, యాంటీబయాటిక్‌ల సంగతి వేరు. అవి చేపతో పుట్టినవి కావు, మనుషులు కలిపినవి. 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఫార్మలిన్ కారణంగా మన రాష్ట్రం చేపలను కొన్నాళ్ళు నిషేధించినప్పుడు ఇక్కడి అధికారులు కొంత హడావిడి చేశారు. కాగితపు పట్టీతో కొద్ది నిమిషాల్లో ఫార్మలిన్ పట్టుకునే కిట్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అప్పటికే తయారు చేసింది. దానిని మా మార్కెట్‌లో వాడగా నేను ఎన్నడూ చూడలేదు. ఎగుమతి రొయ్యకు విదేశీయుడు అడుగుతాడు కనుక ల్యాబ్ పరీక్షలుంటాయి. మనం తినే చేపకు తక్కెడ పరీక్ష ఒక్కటే, అది కూడా సరిగా ఉంటే. కోడి వ్యర్థాలను చెరువుల్లో మేతగా వేయరాదని ఆంక్షలున్నా, తెల్లవారుజామున డ్రమ్ముల వ్యాన్లు ఏ గట్టు మీదికి పోతున్నాయో ఊళ్ళో పిల్లలకు తెలుసు, అధికారులకే తెలియదు. చేపల ఉత్పత్తిలో దేశంలో మనమే మొదటి స్థానమని వేదికల మీద చెప్పుకోవడానికి మాత్రం అందరూ హాజరవుతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రపు చేప కావాలంటే ఎక్కువగా బయటినుంచి ఐసు పెట్టెల్లో వచ్చే సరుకే మార్కెట్‌కు దిక్కు. పరీక్ష ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే. కనీసం ఈసారైనా ప్రతి పట్టణపు చేపల మార్కెట్‌లో ఆ కిట్ పెట్టి, ఆనాటి ఫలితాన్ని ధరల బోర్డు పక్కనే రాయించాలని, మందుల దుకాణాల్లోని చేప నూనె సీసాల నమూనాలను కూడా తీసి పరీక్షించాలని ఆహార భద్రతాధికారులను కోరుతున్నాను. మీ పత్రిక కూడా ‘చేపలు మానేయండి’ అన్న సలహాకు సవరణ వేయాలి. దానిని ఎక్కడో మూలన కాకుండా అదే ఆరోగ్య పేజీలో, క్యాప్సూళ్ళ ప్రకటనకు ఎంత చోటిచ్చారో అంత చోటిచ్చి ప్రచురించవలసిందిగా మనవి.

— విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
నరసాపురం