ముందే నింపిన గడిలో పొద్దుటి ధరా, మధ్యాహ్నం ధరా?

సంపాదకులకు నమస్కారం.

చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారీని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఎంచుకునే మన శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ విద్యార్థులకు మీ పత్రిక ద్వారా ఒక మాట. ఫంక్షన్‌కు కావాల్సిన ఆర్గ్యుమెంట్లలో (దానికి అందించే విలువల్లో) కొన్ని ముందే ఇచ్చి, మిగతావే అడిగే కొత్త ఫంక్షన్ తెచ్చుకోవడం పార్షియల్ అప్లికేషన్. ఖాళీకి ఏ గుర్తు పెట్టాలా అని రోజులు గడిపేస్తారు గానీ, ముందే ఇచ్చిన విలువను ఎప్పుడు లెక్కకట్టాలో మొదట తేల్చుకోవాలి.

పలాస జీడిపిక్కలే తీసుకోండి. విలువ(బస్తాలు, కిలోలు, ధర) అనే ఫంక్షన్ ఉంది. బస్తాకు 80 కిలోలు. పొద్దున్నే విలువ(_, 80, నేటి_ధర()) అని రాసిపెట్టుకున్నాం; _ అంటే తర్వాత నింపాల్సిన ఖాళీ గడి, అంటే ఆర్గ్యుమెంట్ చోటు. అప్పుడు కిలో 160 రూపాయలు, మధ్యాహ్నానికి 165 అయిందనుకుందాం. ఇప్పుడు 10 బస్తాలు ఇస్తే 1,28,000 రావాలా, 1,32,000 రావాలా? పైథాన్ పార్షియల్‌లో మొదటిది వస్తుంది. స్కాలా లాంగ్వేజ్‌లో అండర్‌స్కోర్‌తో (_) రాస్తే రెండోది, ఎందుకంటే అక్కడ అదంతా లాంబ్డాగా, అంటే పేరులేని చిన్న ఫంక్షన్‌గా మారి పిలిచినప్పుడల్లా నేటి_ధర() మళ్లీ నడుస్తుంది. నా మటుకు మొదటిదే సరైనది. ప్రతిసారీ కొత్త ధర కావాలంటే లాంబ్డా రాసుకోవచ్చు, చదివేవారికీ తెలుస్తుంది.

ఏ గడినైనా ఖాళీ వదలనివ్వండి. పైథాన్‌లో పార్షియల్ 2006లో 2.5 వెర్షన్‌తో వచ్చింది, ముందు గడి వదిలి తర్వాతది నింపే ప్లేస్‌హోల్డర్ (ఖాళీ గుర్తు) 2025లో 3.14 వచ్చేదాకా లేదు. అప్పటిదాకా పేరుతో నింపుకోవడమే: పార్షియల్(విలువ, కిలోలు=80). దాన్ని (10, 160) అని పిలిస్తే 160 వెళ్లి కిలోల గడిలోనే కూర్చుంటుంది, ఒకే ఆర్గ్యుమెంట్‌కు రెండు విలువలిచ్చారంటూ టైప్ ఎర్రర్ వస్తుంది. ధర=160 అని రాస్తేనే నడుస్తుంది.

విలువ(రౌండ్(_), 80, 160) అంటే ఆ ఖాళీ ఎవరిది? దగ్గరి బ్రాకెట్లదేనని నియమం పెట్టండి. అప్పుడు బస్తాల గడిలోకి అంకెకు బదులు ఫంక్షన్ వెళుతుంది. ఎర్రర్ మెసేజ్ వేలు పెట్టి ఆ గుర్తునే చూపాలి.

ఎన్ని ఖాళీలుంటే అన్నే ఆర్గ్యుమెంట్లు తీసుకోవాలి. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి వాడే బైండ్ ఎక్కువైనవాటినీ లోపలికి పంపేస్తుంది. జాబితాలోని ఒక్కో ఎలిమెంట్‌పై ఫంక్షన్‌ను నడిపే మ్యాప్, ప్రతి ఎలిమెంట్‌తో పాటు దాని ఇండెక్స్‌నూ (వరుస సంఖ్యనూ) ఇస్తుంది కాబట్టి, ఇవ్వకున్నా నడిచే ఆర్గ్యుమెంట్ ఒకటి చివర్న ఉంటే ఇండెక్స్ అందులో పడుతుంది. ఏ ఎర్రరూ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.

ఇట్లు,
ఓ పాఠకుడు, పలాస