బాగా ఆడే పిల్లవాణ్ణి కూడా ఎందుకు సరిదిద్దాలి: గ్రెగ్ పొపొవిచ్ అనే కోచ్ గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల జిల్లా స్థాయి బాస్కెట్‌బాల్ పోటీల్లో మన జట్టు మొదటి రౌండ్‌లోనే ఓడి తిరిగి వచ్చిన తర్వాత మీలో కొందరు నన్ను కలిసి రెండు విషయాలు అడిగారు. జట్టులో అందరికంటే బాగా ఆడే పిల్లవాణ్ణే మన వ్యాయామ ఉపాధ్యాయులు సాధనలో ఎందుకు ఎక్కువగా సరిదిద్దుతున్నారన్నది మొదటిది. ఓడి వచ్చిన పిల్లలను రెండు రోజులైనా గడవకముందే కూర్చోబెట్టి అదే మ్యాచ్ వీడియోను మళ్ళీ చూపించడం అవసరమా అన్నది రెండవది. ఈ రెండూ న్యాయమైన ప్రశ్నలే. వీటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపడం కంటే, నేను ఎన్నో ఏళ్ళుగా శ్రద్ధగా గమనిస్తూ వచ్చిన ఒక బాస్కెట్‌బాల్ కోచ్ జీవితాన్ని మీ ముందుంచడం మేలనిపించి ఈ నెల లేఖను అందుకే కేటాయిస్తున్నాను.

గ్రెగ్ పొపొవిచ్ 1949 జనవరి 28న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఈస్ట్ షికాగో అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టారు. తండ్రిది సెర్బియా మూలం, తల్లిది క్రొయేషియా మూలం. అమెరికా వైమానిక దళ అకాడమీలో చేరి బాస్కెట్‌బాల్ ఆడుతూనే సోవియట్ అధ్యయనాల్లో పట్టా తీసుకుని 1970లో బయటికి వచ్చారు. దళంలో కొలువు చేస్తున్న కాలంలో సైనిక దళాల జట్టుకు ఆడారు, తర్వాత అకాడమీకే తిరిగి వచ్చి సహాయ కోచ్‌గా పనిచేశారు. వృత్తి ఆటగాడిగా స్థిరపడాలన్న ప్రయత్నం మాత్రం ఫలించలేదు. ఇంతవరకు ఆయన జీవితంలో ప్రపంచం గుర్తుపెట్టుకోవలసినదేమీ లేదు.

నాకు మాత్రం అసలు కథ 1979లో మొదలవుతుంది. ఆ సంవత్సరం ఆయన కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ అనే ఊళ్ళో, పొమోనా, పిట్జర్ అనే రెండు చిన్న కళాశాలల ఉమ్మడి జట్టుకు కోచ్‌గా చేరారు. ఆటకు ఉపకార వేతనాలు ఇవ్వని, చదువే ముఖ్యమైన సంస్థలవి. అక్కడి ఆటగాళ్ళకు ప్రయోగశాల తరగతి ఉంటే సాధనకు ఆలస్యంగా రావడం మామూలు. పొపొవిచ్ అక్కడ బోధకుడు కూడా. కొంతకాలం కుటుంబంతో సహా విద్యార్థుల వసతిగృహంలోనే నివసించారు. మొదటి సంవత్సరం జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచి ఇరవై రెండు ఓడిపోయింది. ఏళ్ళ తరబడి లీగ్‌లో ఒక్క గెలుపూ ఎరుగని కాల్‌టెక్ అనే విద్యాసంస్థ జట్టు ఆ పరాజయాల పరంపరను తెంచుకున్నది కూడా ఈయన జట్టును ఓడించే. అయినా కళాశాల ఆయనను పంపించివేయలేదు, ఆయనా వదిలి వెళ్ళలేదు. 1986లో ఆ జట్టు లీగ్ విజేతగా నిలిచింది, అరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారిగా. అక్కడ గడిపిన ఏళ్ళన్నీ కలిపి లెక్కిస్తే ఆయన గెలిచినవి 76, ఓడినవి 129. మార్కుల జాబితా చూసినట్టు ఆ అంకెలను మాత్రమే చూసి ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే, ఆ తర్వాత జరిగినదేదీ జరిగి ఉండేది కాదు.

ఆ విజయం తర్వాత ఆయన ఒక సంవత్సరం సెలవు తీసుకుని, కాన్సాస్ విశ్వవిద్యాలయంలో లారీ బ్రౌన్ అనే కోచ్ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నారు. దాదాపు నలభై ఏళ్ళ వయసులో, తన చేతిలో ఒక జట్టు ఉండగా, మరొకరి దగ్గర విద్యార్థిగా చేరడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. 1988లో బ్రౌన్, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోని శాన్ ఆంటోనియో స్పర్స్ అనే జట్టుకు వెళ్తూ ఆయనను సహాయకుడిగా తీసుకెళ్ళారు. 1992లో ఆ ఉద్యోగం పోయింది. రెండేళ్ళు గోల్డెన్ స్టేట్ వారియర్స్ అనే మరో ఎన్‌బీఏ జట్టులో సహాయ కోచ్‌గా ఉండి, 1994లో జనరల్ మేనేజర్‌గా స్పర్స్‌కు తిరిగి వచ్చారు. 1996 డిసెంబరులో, జట్టు మూడు గెలిచి పదిహేను ఓడిన దశలో, ఉన్న కోచ్‌ను తొలగించి తానే ఆ బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్ళు. ప్రధాన ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ గాయంతో దాదాపు ఏడాదంతా దూరం కావడంతో ఆ సంవత్సరమూ పరాజయాలతోనే ముగిసింది. 1999లో కూడా సీజన్ ఆరు గెలుపులు, ఎనిమిది ఓటములతో మొదలైనప్పుడు ఆయనను తీసేస్తారన్న మాట బలంగా వినిపించింది. అదే సంవత్సరం స్పర్స్ తమ మొదటి ఛాంపియన్‌షిప్ గెలిచింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. 1997లో దేశమంతటి యువ ఆటగాళ్ళలో అగ్రస్థానంలో ఎంపికైన టిమ్ డంకన్ స్పర్స్‌లో చేరాడు. పొపొవిచ్ అతని స్వస్థలమైన సెయింట్ క్రోయ్ దీవికి స్వయంగా వెళ్ళి, అతనితో కలిసి సముద్రంలో ఈదుతూ, ఆట గురించి కాక జీవితం గురించి మాట్లాడుతూ కొన్ని రోజులు గడిపారు. తీరా సాధన మొదలయ్యాక, అందరి ముందూ అందరికంటే గట్టిగా మందలించినది ఆ డంకన్‌నే. డంకన్ నోరు మెదపకుండా విని, తప్పు సరిదిద్దుకునేవాడు. జట్టులో అత్యుత్తమ ఆటగాడే మాట పడుతుంటే, పన్నెండో స్థానంలో ఉన్నవాడు "నన్నే ఎందుకు అంటున్నారు" అని అడగలేడు. పేరున్నవాడికి ఒక న్యాయం, పేరులేనివాడికి ఒక న్యాయం లేదని ఆ జట్టుకు వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది. డంకన్ పంతొమ్మిది సీజన్లు ఆ ఒక్క జట్టుకే, ఆ ఒక్క కోచ్ దగ్గరే ఆడి 2016లో విరమించాడు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. పొపొవిచ్ కేకలు వేసేవారు, ఆ పద్ధతి మన పాఠశాలకు తగదు. అక్కడ ఉన్నది కోట్లు సంపాదిస్తున్న పెద్దవాళ్ళు. ఇక్కడ ఉన్నది పద్నాలుగేళ్ళ పిల్లలు. గొంతు పెంచవద్దని మన వ్యాయామ ఉపాధ్యాయులకు నేను చెప్పాను, వారు అంగీకరించారు. కాని బాగా ఆడే పిల్లవాడి తప్పును చూసీ చూడనట్టు వదిలేయమని మాత్రం నేను చెప్పలేను. సముద్రంలో ఈదిన ఆ రోజులు లేకుండా ఆ మందలింపు పనిచేసి ఉండేది కాదని కూడా నమ్ముతాను. పిల్లవాణ్ణి ముందుగా తెలుసుకోవడం మా బాధ్యత, అందులో లోటు ఉంటే నాకు చెప్పండి.

ఇక ఓటమి సంగతి. ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఒకే ప్రత్యర్థితో గరిష్ఠంగా ఏడు మ్యాచ్‌లు ఉంటాయి, ముందుగా నాలుగు గెలిచినవారే విజేత. 2013 జూన్ 18న మయామీ హీట్ జట్టుతో ఫైనల్స్ ఆరవ మ్యాచ్‌లో, ఇంకా ఇరవై ఎనిమిది సెకన్లు ఉండగా స్పర్స్ ఐదు పాయింట్లు ముందుంది. ఆ మ్యాచ్ గెలిస్తే ఛాంపియన్‌షిప్ వారిదే. బహుమతి ప్రదానం కోసం కోర్టు చుట్టూ పసుపు తాడు కూడా సిద్ధం చేశారు. ఆట ముగియడానికి అయిదు సెకన్ల ముందు మయామీ ఆటగాడు రే ఆలెన్ మూల నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలో స్పర్స్ ఓడిపోయింది. గెలుపు విందు కోసం ముందే ఒక రెస్టారెంట్‌లో ఏర్పాట్లు చేసి ఉన్నారు. పొపొవిచ్ ఆ విందును రద్దు చేయలేదు. ఎవరూ గదుల్లోకి వెళ్ళి ఒంటరిగా కూర్చోవద్దని, అందరూ రావాలని చెప్పి, అక్కడ బల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి పలకరించారు. రెండు రోజుల తర్వాత ఏడవ మ్యాచ్ కూడా పోయింది. కొత్త సీజన్ శిబిరం మొదలైనప్పుడు ఆయన ఆ ఓటమి వీడియోను జట్టంతటికీ చూపించారు. 2014 జూన్‌లో అదే మయామీని నాలుగు ఒకటి తేడాతో ఓడించి స్పర్స్ ఐదవసారి ఛాంపియన్ అయింది.

విందు ముందు, వీడియో తర్వాత. ఈ వరుసను గమనించమని కోరుతున్నాను, ఎందుకంటే మన దగ్గర పొరపాటు జరిగినది ఇక్కడే. పిల్లల బాధ చల్లారకముందే, వారితో కూర్చుని నాలుగు ముద్దలు తినకముందే, మనం వీడియో పెట్టాం. వీడియో చూపించడం సరైనదే, చూపించిన సమయం సరైనది కాదు. ఆ తొందర నాదే కనుక దాన్ని నేను ఒప్పుకుంటున్నాను.

మరొక చిన్న సంగతి తెలుగు చదివే మీకు చెప్పకుండా ఉండలేను. ఫ్రాన్స్ నుంచి టోనీ పార్కర్, అర్జెంటీనా నుంచి మను జినోబిలి, ఇంకా బ్రెజిల్, ఇటలీ, ఆస్ట్రేలియా ఆటగాళ్ళు ఆ జట్టులో ఆడారు. రాయిని వందసార్లు కొట్టినా పగలకుండా, నూటొక్కో దెబ్బకు పగిలినప్పుడు, పగలగొట్టినది ఆ చివరి దెబ్బ ఒక్కటే కాదన్న భావం గల ఒక సూక్తిని పొపొవిచ్ డ్రెస్సింగ్ గదిలో ఆటగాళ్ళ మాతృభాషల్లో పెట్టించారు. ఎవరి భాషలో వారికి చెబితేనే మాట లోపలికి దిగుతుందని ఆయనకు తెలుసు. 2014లో బెకీ హామన్ అనే మహిళను పూర్తికాల సహాయ కోచ్‌గా తీసుకున్నారు; 2020 డిసెంబరు 30న ఆయనను రిఫరీ బయటికి పంపినప్పుడు, హామన్ ఆ బాధ్యత తీసుకోవడంతో, ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్‌లో మొదటిసారి ఒక మహిళ జట్టును నడిపించారు. మన బాలికల జట్టు ఆ పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

పొపొవిచ్‌కు 2021లో అమెరికా జట్టు కోచ్‌గా టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం, 2022 మార్చిలో 1,336వ విజయంతో అత్యధిక విజయాల కోచ్‌గా ఎన్‌బీఏ రికార్డు, 2023లో బాస్కెట్‌బాల్ దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కాయి. 2024 నవంబరులో స్వల్ప పక్షవాతం రాగా, 2025 మే నెలలో కోచ్ బాధ్యతను తన సహాయకుడు మిచ్ జాన్సన్‌కు అప్పగించి, జట్టు కార్యకలాపాల అధ్యక్షుడిగా కొనసాగుతున్నారు.

వచ్చే సోమవారం నుంచి సాధన సాయంత్రం నాలుగున్నరకు మొదలవుతుంది. తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చు, పక్క నుంచి పిల్లలకు సూచనలు మాత్రం ఇవ్వవద్దని మనవి. తదుపరి మ్యాచ్ తర్వాత, గెలిచినా ఓడినా, పిల్లలందరికీ బడిలోనే భోజనం ఉంటుంది. వడ్డించడానికి రాగలిగిన వారు శుక్రవారంలోగా కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు