మెట్లెక్కలేని గొంతుకు మైకు అందేదెలా?

ప్రమాదంలో నడుము దెబ్బతిన్న గాయకులు మళ్లీ పాట రికార్డు చేసుకుందామంటే మన స్టూడియోల్లో అందుకు వీలే లేదు. 1990 ఆగస్టులో బ్రూక్లిన్‌లో ఆరుబయట వేదికపై గాలికి లైట్ల స్తంభం కూలి అమెరికన్ సోల్ (నల్లజాతీయుల సంగీత శైలి) గాయకుడు కర్టిస్ మేఫీల్డ్‌కు మెడ కింది నుంచి శరీరం చచ్చుబడింది. గిటారు మళ్లీ పట్టలేకపోయాడు. అయినా 1996లో 'న్యూ వరల్డ్ ఆర్డర్' ఆల్బమ్ తెచ్చాడు. ఊపిరి అందడానికి ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కో పంక్తీ పాడించి అతికించారు. అక్కడ స్టూడియోనే ఆయనకు తగ్గట్టు సర్దుకుంది. ఇక్కడో? పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకూ జాతరలకూ కీబోర్డు వాయిస్తున్నాను. జాతర నుంచి తిరిగొస్తుంటే వ్యాను బోల్తా పడి మా ట్రూపు గాయని రెండేళ్లు మంచం పట్టింది, ఇప్పుడు చక్రాల కుర్చీకే పరిమితమైంది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. మొన్న భక్తిగీతాల రికార్డింగుకు తీసుకెళ్తే స్టూడియో మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. రెండో మలుపులో కుర్చీ చెయ్యి ఊడొచ్చి మాకు గుండె ఆగినంత పనైంది. పైకెళ్తే పాట పాడే చిన్న గది, అదే బూత్, తలుపులో చక్రాల కుర్చీ పట్టలేదు. చివరికి కంట్రోల్ రూమ్‌లోనే, ఏసీ ఆపి, చెమటలు కక్కుతూ పాడించాం. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ తమ కళాభవనాల్లో కింది అంతస్తులోనే ర్యాంపు, వెడల్పు తలుపు ఉన్న చిన్న రికార్డింగ్ గది కట్టి, గాయపడిన కళాకారులకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. పందిరికీ బాణసంచాకూ లక్షలు పోసే నిర్వాహకులను, అనుమతి ఇచ్చేటప్పుడే ట్రూపు మొత్తానికి ప్రమాద బీమా కాగితం చూపించమని పోలీసులు అడగాలి.

— ఒక ఆర్కెస్ట్రా కీబోర్డు వాద్యకారుడు, తెనాలి