మీరు రాసిచ్చిన ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) చిప్ మీద ఫిర్యాదు

ట్యూనింగ్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: స్కోడా ఆక్టావియా 1.9 టీడీఐ డీజిల్ కారు (90 పీఎస్) – నల్లపొగ, లింప్ మోడ్ (ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గించేయడం), వేడెక్కితే ఇంజిన్ ఆగిపోవడం.

నమస్కారం. మా వర్క్‌షాప్ నుంచి వచ్చిన బాష్ ఈడీసీ15 ఈసీయూలో మీరు చిప్ ఊడదీసి, కస్టమ్ ఫైల్ (పవర్ పెంచేలా మార్చిన ప్రోగ్రామ్) రాసి, మళ్లీ సోల్డర్ చేసి పంపారు. గొడవ ఉందని ఫోన్ చేస్తే "టర్బో చెక్ చేయించుకోండి" అని పెట్టేశారు. చేయించాం. ఇంకా చాలా చూశాం.

వ్యాక్యూమ్ గొట్టాలన్నీ కొత్తవి వేశాం. హ్యాండ్ పంపుతో వ్యాక్యూమ్ ఇస్తే టర్బో వేన్ల (బూస్ట్‌ని, అంటే టర్బో గాలి ఒత్తిడిని, సర్దే రెక్కల) లివర్ ఎక్కడా పట్టేయకుండా 18 ఇంచీల (పాదరసం) వ్యాక్యూమ్ దగ్గర స్టాప్‌ని తాకుతోంది. ఆ లివర్‌కి వ్యాక్యూమ్ అందించే ఎన్75 వాల్వ్‌ని పక్కనున్న అలాంటిదే ఎన్18తో మార్చి చూసినా తేడా లేదు. ఇంటర్‌కూలర్ పైపుల్లో లీకు లేదు. ఇక మిగిలింది మీ ఫైలే. ఈసీయూ మీకు పంపేముందు అసలు ఫైల్ (512 కేబీ) చదివి దాచుకున్నాం కాబట్టి సరిపోయింది. మీరైతే దాని కాపీ కూడా ఇవ్వలేదు. అది తిరిగి వేయగానే పొగా పోయింది, లింప్ మోడూ పోయింది.

రెండు ఫైళ్లూ, వాటితో బండి నడిపి స్కానర్‌లో తీసిన లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలిసిపోయింది. 1,900 ఆర్‌పీఎమ్ దగ్గర, బూస్ట్ ఇంకా పూర్తిగా ఎక్కకముందే, స్కానర్ రీడింగుల 003 గ్రూపులో గాలి స్ట్రోక్‌కి 780 మి.గ్రా. మాత్రమే. 008 గ్రూపులో డీజిల్ 52 మి.గ్రా. అంటే డీజిల్ 1 పాలుకి గాలి 15 పాళ్లే (15:1). అది పొగ కాక మరేమవుతుంది? గాలిని బట్టి డీజిల్‌కి హద్దు పెట్టే స్మోక్ లిమిటర్ మ్యాప్‌ని (ఫైల్‌లోని పట్టికని) గాలితో సంబంధం లేకుండా గంపగుత్తగా పెంచేశారు.

బూస్ట్ సంగతి ఇంకా ఘోరం. అడుగుతున్నది 2,350 మిల్లీబార్. 1,900 నుంచి 2,500 ఆర్‌పీఎమ్ మధ్య ఎన్75 డ్యూటీ (ఆ వాల్వ్‌కి ఇచ్చే సిగ్నల్ శాతం) కూడా పెంచడంతో వేన్లు సమయానికి తెరుచుకోవడం లేదు. 011 గ్రూపులో రీడింగ్ ఎగిరి 2,550 దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతోంది. అది అసలు బూస్ట్ కాదు, ఆ 2.5 బార్ సెన్సార్ చూడగలిగిన చివరి అంకె. ఆ పైన ఎంత ఎక్కుతోందో ఈసీయూకీ తెలీదు, మీకూ తెలీదు. కాసేపటికి 17965 కోడ్ (అడిగినదానికంటే బూస్ట్ ఎక్కువ) పడి పిక్అప్ చచ్చిపోతోంది. ఇగ్నిషన్ ఆపి వేస్తే మళ్లీ మామూలే. టర్బోని కాపాడాల్సిన గరిష్ఠ బూస్ట్ హద్దుని 2,600కి పెంచారు. సెన్సార్ ఎప్పటికీ చేరని అంకెని హద్దుగా పెడితే హద్దు తీసేసినట్టే కదా.

మూడోది ఫైల్‌తో సంబంధం లేనిది. అరగంట నడిచాక ఇంజిన్ ఆగిపోతుంది, 20 నిమిషాలు చల్లారితే స్టార్ట్ అవుతుంది. అసలు ఫైల్ వేశాక కూడా ఇది పోలేదు. మూత తీసి 10 రెట్ల లెన్స్‌తో చూస్తే, చిప్ 44 కాళ్లలో మూల నుంచి రెండో కాలు చుట్టూ సన్నని ఉంగరంలా పగులు. సోల్డర్ మెరుపు లేకుండా బూడిద రంగులో ఉంది. పక్క కాళ్ల మధ్య ఫ్లక్స్ జిగురుగా, గోధుమ రంగులో అలాగే ఉంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే బండి ఆగింది. చెక్కపుల్లతో ఆ కాలిని నొక్కి పట్టుకుంటే స్టార్ట్ అయింది. మూత అంచున సీలెంట్ కూడా ఒక పక్కన వేయలేదు. వానాకాలం వస్తే లోపలికి నీళ్లే.

మాకు కావలసింది ఇది. సోల్డర్ పని మీ ఖర్చుతో మళ్లీ చేసి, ఫ్లక్స్ కడిగి, మూత సీల్ చేసి ఇవ్వాలి. కొత్త ఫైల్‌లో స్మోక్ లిమిట్ 18:1 కంటే దిగకూడదు, బూస్ట్ 2,150 దాటి అడగకూడదు, గరిష్ఠ హద్దు 2,300 లోపే ఉండాలి, ఎన్75 డ్యూటీ అసలు మ్యాప్‌కి దగ్గరగా ఉండాలి. ఫైల్‌తో పాటు 3వ గేరులో తీసిన 003, 008, 011 లాగ్‌లు కూడా పంపాలి. బండి మీద నడిపి చూడని ఫైల్ మాకు అక్కర్లేదు.

పది రోజుల్లో ఇది జరగకపోతే కట్టిన డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. బండి ఓనర్ గారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానంటున్నారు. లాగ్‌లు, ఫొటోలు ఆయన దగ్గరా ఉన్నాయి.

ఇట్లు,
వర్క్‌షాప్ టెక్నీషియన్లు

జతచేసినవి: ఇన్‌వాయిస్ కాపీ, రెండు ఫైళ్ల లాగ్‌లు, సోల్డర్ ఫొటోలు 4